వస్త్రం పలికే సాక్ష్యం

సకల స్తుతి స్తోత్రాలూ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన మనల్ని సృష్టించాడు. మానాన్ని కాపాడుకోవటానికి వస్త్రాన్ని ప్రసాదించాడు. ఆ వస్త్రంతోపాటు అందాన్నీ అనుగ్రహించాడు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

గౌరవనీయులైన పెద్దలారా, ప్రియ సోదరులారా, పరదా వెనుక నుండి ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా!

కొంతకాలంగా మన మస్జిదుల గుమ్మాల వద్ద ఒక వాదన వినవస్తోంది. ఒక యువకుడు నలుపు తెలుపు గళ్ళ ఫలస్తీనీ రుమాలు మెడలో వేసుకుని జుమా నమాజుకు వస్తాడు. మరొకడు చొక్కా వీపున ఒక నినాదం అచ్చు వేయించుకుని వస్తాడు. ఇంకొకడు చేతికి నల్ల పట్టీ కట్టుకుని సఫ్‌లో నిలబడతాడు. పెద్దలు కలవరపడతారు. "నాయనా, ఇది నమాజు చేసే చోటు. దాన్ని తీసి జేబులో పెట్టుకో" అంటారు. యువకులు నొచ్చుకుంటారు. "చాచా, మీ భయమే మనల్ని ఈ స్థితికి తెచ్చింది" అని బదులిస్తారు. ఇద్దరూ ఒకే ఇమాము వెనుక, ఒకే ఖిబ్లా వైపు తిరిగి, భుజానికి భుజం కలిపి నమాజు చేస్తారు. సలాంతో నమాజు ముగించిన తరువాత మాత్రం ముఖాలు తిప్పుకొని వెళ్ళిపోతారు.

అందుచేత ఈ శుక్రవారం మనం ఈ విషయాన్నే పరిశీలిద్దాం. వస్త్రం ద్వారా ఒక అభిప్రాయాన్ని ప్రకటించటం, ఒక అన్యాయాన్ని నిరసించటం ధర్మసమ్మతమేనా? సమ్మతమైతే దానికి హద్దులేమిటి? ఆ హద్దులను దాటుతున్నది ఎవరు, ఆ హద్దుల వరకైనా రాకుండా ఆగిపోతున్నది ఎవరు?

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని ఆరాఫ్ సూరా 26వ ఆయతులో అల్లాహ్ ఆదం సంతతిని సంబోధిస్తూ వస్త్రాన్ని తన అనుగ్రహంగా పేర్కొన్నాడు. అది శరీరంలో కప్పవలసిన భాగాలను కప్పుతుందని, అలంకారంగా కూడా ఉంటుందని తెలిపి, వీటన్నింటికంటే దైవభీతి అనే వస్త్రమే మేలైనదని సెలవిచ్చాడు. వస్త్రానికి ఒక వెలుపల ఉన్నట్లే ఒక లోపల కూడా ఉందని దీనివల్ల మనకు బోధపడుతుంది. వెలుపలి వస్త్రం దర్జీ కుట్టేది. లోపలి వస్త్రం మన ఆచరణ కుట్టేది. లోపలిది లేకుండా వెలుపలిది మాత్రమే ధరించినవాడు నాటకంలో వేషగాడితో సమానం. వేషానికి చప్పట్లు దొరకవచ్చు, పుణ్యం దొరకదు.

వస్త్రం మాట్లాడగలదా? మాట్లాడగలదు. దీనికి ఆధారం మరెక్కడో వెతకనక్కరలేదు, మన దైవప్రవక్త (స) సున్నత్‌లోనే ఉంది. హుదైబియా ఒప్పందం జరిగిన మరుసటి సంవత్సరం, అంటే హిజ్రీ 7వ సంవత్సరంలో, దైవప్రవక్త (స) తమ సహచరులతో ఉమ్రా కోసం మక్కాకు విచ్చేశారు. యస్రిబ్ జ్వరాలు ముస్లిములను కృశింపజేశాయని, వారిలో సత్తువ లేదని మక్కా బహుదైవారాధకులు ప్రచారం చేశారు. తమాషా చూడటానికి వచ్చి కూర్చున్నారు కూడా. అప్పుడు దైవప్రవక్త (స) తమ సహచరులను మొదటి మూడు ప్రదక్షిణలలో భుజాలు కదిలిస్తూ, చురుకుగా అడుగులు వేస్తూ నడవమని ఆదేశించారు. దీనినే రమల్ అంటారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తరువాతి సంవత్సరం జిఅరానా నుండి చేసిన ఉమ్రాలో సహాబాలు పై వస్త్రాన్ని కుడి చంక కింద నుండి తీసి ఎడమ భుజంపై వేసుకుని, కుడి భుజాన్ని బయటకు కనబడేలా ఉంచి తవాఫ్ చేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా అబూ దావూద్ నమోదు చేశారు. ఇది ఇజ్తిబా.

గమనించండి! ఒక దుష్ప్రచారం జరిగింది. దానికి సమాధానంగా ఒక తిట్టు లేదు, ఒక రాయి లేదు, ఒక ఆయుధం లేదు. ఒక నడక, కప్పుకున్న గుడ్డను ధరించే ఒక తీరు, అంతే. తదనంతర కాలంలో హజ్రత్ ఉమర్ (రజి) ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇప్పుడు అల్లాహ్ ఇస్లాంను బలపరిచాడు, అవిశ్వాస ప్రాబల్యం తొలగిపోయింది, మరి ఈ రమల్, ఈ భుజం చూపటం ఎందుకు అన్నారు. అలా అంటూనే, దైవప్రవక్త (స) కాలంలో చేసిన దానిని తాము విడిచిపెట్టబోమని స్పష్టం చేశారు. ఒకనాడు నిరసనగా మొదలైనది ఆరాధనలో భాగమై, నేటికీ హజ్ యాత్రికుల భుజాల మీద సజీవంగా నిలిచి ఉంది.

అయితే ఈ ఉదంతాన్ని సగం మాత్రమే చదివి ఆగిపోకూడదు. ఇందులో నాలుగు హద్దులు కూడా ఉన్నాయి. మొదటిది, అది ఒక వ్యక్తి తన కోసం చేసుకున్న ప్రదర్శన కాదు, నాయకుని ఆదేశంపై అందరూ కలిసి చేసిన పని. రెండవది, అది మితం. ఏడు ప్రదక్షిణలలోనూ అలా నడవమని ఆదేశించకపోవటానికి కారణం వారిపై ఉన్న దయేనని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. ఉద్యమం పేరుతో మనుషులను శక్తికి మించి అలసటకు గురిచేయటం సున్నత్ కాదు. మూడవది, దానికొక చోటు ఉంది. తవాఫ్ పూర్తయి, రెండు రకాతుల నమాజుకు నిలబడే వేళకు ఆ భుజాన్ని తిరిగి కప్పుకోవాలని ధర్మవేత్తలు బోధించారు. మనుషులకు చూపవలసినది మనుషుల ముందు, అల్లాహ్ ముందు నిలబడేటప్పుడు వినయం. నాలుగవది, అన్నింటికంటే ముఖ్యమైనది, ఆ భుజం నిజంగానే బలమైన భుజం. కందకం తవ్విన భుజం, ఆకలికి ఓర్చుకున్న భుజం. లేని బలాన్ని వస్త్రంతో నటించలేదు, ఉన్న బలాన్ని మాత్రమే చూపారు.

ప్రియ సోదరులారా! ఇక మన దేశ చరిత్ర వైపు, మన తెలుగు నేల వైపు చూద్దాం. వస్త్రం ఒక జాతి మాట్లాడే భాషగా మారిన ఘట్టం ఇక్కడే ఉంది, అందులో మన పెద్దల భాగమూ ఉంది. 1921వ సంవత్సరం. ఒకవైపు ఖిలాఫత్ ఉద్యమం, మరొకవైపు సహాయ నిరాకరణ. మార్చి నెలాఖరున, ఏప్రిల్ మొదటి తేదీన బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం కోటి రూపాయల నిధిని, కోటిమంది సభ్యులను సమకూర్చటంతోపాటు 20 లక్షల చరఖాలను దేశమంతటా తిరిగేలా చేయాలని తీర్మానించింది. సైన్యం, న్యాయస్థానాలు, ధనబలం ఉన్న సామ్రాజ్యాన్ని ఎదుర్కోవటానికి పేదవాడి నూలు వడికే యంత్రాన్ని ఎంచుకున్నారు.

అదే సంవత్సరం జులై 31న బొంబాయిలోని పరేల్‌లో విదేశీ వస్త్రాలను కుప్పపోసి తగలబెట్టారు. ఆ స్థలం ఒక ముస్లిం మిల్లు యజమాని ఉమర్ సోబానీది. అంతకు చాలా ముందే మౌలానా హస్రత్ మోహానీ అలీగఢ్‌లో స్వదేశీ దుకాణం తెరిచి తానే వస్త్రాలు అమ్మారు. మౌలానా ముహమ్మద్ అలీ, మౌలానా షౌకత్ అలీల తల్లి అబాదీ బానూ బేగం, దేశమంతా 'బీ అమ్మా' అని పిలుచుకున్న మహిళ, డెబ్భై ఏళ్ళు దాటిన వయసులో ఊరూరా తిరిగి ఖద్దరు ధరించమని మహిళలకు నచ్చజెప్పారు. బుర్ఖాలోనే సభావేదికల మీద నుండి ప్రసంగించిన తల్లి ఆమె. పరదా ఆమె నోటిని మూయలేదు. ఆమె మాటకు అది అడ్డు కాలేదు.

1921 సెప్టెంబర్ 14న మహాత్మా గాంధీతో కలిసి మద్రాసు వైపు రైలులో ప్రయాణిస్తున్న మౌలానా ముహమ్మద్ అలీని మన విశాఖపట్నంలోని వాల్తేరు రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. బ్రిటిష్ సైన్యంలో పనిచేయటం ముస్లిముకు నిషిద్ధమని కరాచీ ఖిలాఫత్ మహాసభలో చేసిన తీర్మానమే ఆయనపై మోపిన నేరం. తరువాత కరాచీలో జరిగిన విచారణలో ఆయనతోపాటు నిందితులుగా నిలబడినవారిలో మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ వంటి ఆలిమ్‌లే కాక శారదా పీఠ శంకరాచార్యులు కూడా ఉన్నారు. అలీ సోదరులకు రెండేళ్ళ కఠిన కారాగార శిక్ష పడింది. వాల్తేరు అరెస్టు జరిగిన వెంటనే అక్కడి సభలో మాట్లాడుతున్నప్పుడే తన టోపీని, చొక్కాను విడిచిపెట్టాలనే ఆలోచన వచ్చిందని, అది ఆవేశ ప్రదర్శనగా మారుతుందేమోనని ఆనాటికి తనను తాను నిగ్రహించుకున్నానని గాంధీజీ తరువాత వివరించారు. ఎనిమిది రోజుల తరువాత, సెప్టెంబర్ 22న, మదురైలో ఆయన కొల్లాయి గుడ్డ కట్టారు. ఖద్దరు కొనే స్తోమత తమకు లేదని పేదలు చెప్పిన మాట ఆయనను కదిలించింది. కొద్దిపాటి గుడ్డతోనైనా గౌరవంగా బ్రతకవచ్చునని వారికి చూపదలచారు. ఆ మార్పును ఆయన చివరి శ్వాస వరకూ విడిచిపెట్టలేదు.

ఇందులో మనం నేర్చుకోవలసిన మాట ఒకటుంది. వాల్తేరులో ఆవేశం కలిగిన క్షణంలోనే చొక్కా విప్పి ఉంటే అది ఒక రోజు వార్త అయ్యేది. ఎనిమిది రోజులు తనను తాను ప్రశ్నించుకున్న తరువాత తీసుకున్న నిర్ణయం కనుక అది జీవితాంతం నిలిచింది. యువకులారా! ఒక రుమాలును మెడలో వేసుకోబోయే ముందు మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. ఇది ఈ రోజు కోసమా, ఈ జీవితం కోసమా? రేపు ఉద్యోగం ఇచ్చేవాడు అడిగినప్పుడు, ఎల్లుండి జనం దృష్టి మరో విషయం వైపు మళ్ళినప్పుడు కూడా ఆ బాధితుల కోసం మీరు దుఆ చేస్తారా, ధనం ఇస్తారా, మాట్లాడతారా?

ఇక్కడే ధర్మం మనల్ని ఒక ప్రమాదం గురించి హెచ్చరిస్తుంది. కేవలం జనంలో ప్రత్యేకంగా కనబడాలని, పేరు రావాలని వస్త్రం ధరించినవానికి ప్రళయదినాన అల్లాహ్ అవమాన వస్త్రాన్ని తొడుగుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్, ఇబ్నె మాజాలలో ఉంది. దీనిని విన్నప్పుడు మనకు పట్టు జరీ షేర్వానీలు గుర్తుకు వస్తాయి. కానీ చింకి బట్టలతో కూడా పేరు సంపాదించవచ్చు. నిరసన వస్త్రంతో కూడా పేరు సంపాదించవచ్చు. రుమాలు వేసుకుని ఫొటో తీసుకుని, ఎంతమంది మెచ్చుకున్నారో లెక్కపెట్టుకోవటంలో మునిగితే, గాజాలో ఆకలితో ఉన్న బిడ్డ మన అలంకారానికి ఒక నేపథ్యంగా మిగిలిపోతుంది. అల్లాహ్ మనల్ని దాని నుండి కాపాడుగాక!

ఆ రుమాలుకు ఉన్న చరిత్ర చిన్నది కాదు. అది ఫలస్తీనాలో పొలం పనిచేసే రైతుల తలగుడ్డ. పట్టణాలలోని పెద్దలు తార్బూష్, అంటే ఎర్ర టోపీ, ధరించేవారు. 1936లో బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా తిరుగుబాటు లేచింది. తిరుగుబాటులో పాల్గొన్న గ్రామీణులను వారి తలగుడ్డను చూసి సైనికులు గుర్తుపట్టసాగారు. అప్పుడు, 1938లో, పట్టణవాసులు కూడా తార్బూష్ విడిచి కఫియ్యా ధరించాలని తిరుగుబాటు నాయకులు ఆదేశించారు. దానితో ఎవరు రైతో, ఎవరు న్యాయవాదో గుర్తించటం కష్టమైంది. ధనికుడు పేదవాని గుడ్డను తలపై పెట్టుకుని అతనికి రక్షణ కవచమయ్యాడు. ఈ విషయం ఎరిగి ధరించినవాడు తన పొరుగున ఉన్న పేదవాని పట్ల కూడా అలాగే ప్రవర్తిస్తాడు. ఎరుగక ధరించినవాని మెడలో అది ఒక గుడ్డ ముక్క మాత్రమే.

సోదరులారా! ఇంకొక ప్రశ్న కూడా వేసుకుందాం. మనం ధరించే గుర్తును తయారు చేసింది ఎవరు? 1908లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం బోస్నియాను తనలో కలుపుకున్నప్పుడు ఉస్మానియా రాజ్య ప్రజలు ఆస్ట్రియా సరుకులను బహిష్కరించారు. తీరా చూస్తే, ముస్లిం గౌరవానికి గుర్తుగా తలపై పెట్టుకున్న ఎర్ర ఫెజ్ టోపీలే ఎక్కువగా ఆస్ట్రియా కర్మాగారాల నుండి వస్తున్నాయి! జనం ఆ టోపీలను చించివేసి, స్థానికంగా తయారైన తెల్లని టోపీలు ధరించారు. గౌరవానికి గుర్తు మన తల మీద, దాని లాభం ఎదుటివాని పెట్టెలో! నేడు కూడా అదే జరుగుతోంది. ఫలస్తీనాలోని అల్‌ఖలీల్ పట్టణంలో హిర్బావీ కుటుంబం 1961లో స్థాపించిన కఫియ్యా మగ్గాలు నేటికీ ఉన్నాయి. చౌకగా దిగుమతి అయ్యే రుమాళ్ళ పోటీకి అవి ఎన్నో కష్టాలు పడ్డాయి. సానుభూతి ఫలస్తీనాకు, సొమ్ము మరెవరికో అయితే ఆ సానుభూతి సగమే.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపంలోని సావర్ వద్ద రాణా ప్లాజా అనే భవనం కూలిపోయింది. అందులో పెద్ద పెద్ద విదేశీ కంపెనీల కోసం దుస్తులు కుట్టే కర్మాగారాలు ఉండేవి. 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు. భవనం గోడలకు పగుళ్ళు ముందు రోజే కనబడ్డాయి. అయినా వారిని పనికి రప్పించారు. మనం 'న్యాయం' అని రాసి ఉన్న చొక్కా కొంటాం. దానిని కుట్టిన చేతికి న్యాయం జరిగిందా అని అడగం. పనివానికి చెమట ఆరకముందే కూలి ఇవ్వమని ఆదేశించిన ప్రవక్త (స) అనుచరులం మనం. మన ఊరి దర్జీకి కుట్టు కూలి ఎగ్గొట్టి, పండుగ తరువాత రమ్మని తిప్పి పంపినవాడు ఏ నినాదాన్ని ధరించినా ఆ నినాదం అతని మీదే సాక్ష్యం చెబుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికి, ఖాదీ నేస్తున్నారు. పండుగకు కుటుంబమంతటికీ కొనే బట్టలలో ఒక్క జతైనా ఇటువంటి చేతుల నుండి కొంటే, అది మాట లేని సదఖా, మాట లేని నిరసన కూడా.

తల్లులారా, సోదరీమణులారా! వస్త్రం గురించిన మాట వచ్చినప్పుడల్లా లోకమంతా మీ వైపే వేలు చూపుతుంది. 1925లో తుర్కియే ప్రభుత్వం చట్టం చేసి పురుషులు ఫెజ్ విడిచి అంచు టోపీ పెట్టుకోవాలని నిర్బంధించింది. వ్యతిరేకించినవారిలో కొందరిని ఉరితీసింది. 1936లో ఇరాన్ పాలకుడు రజా షా పరదాను నిషేధించగా, పోలీసులు వీధులలో స్త్రీల తలగుడ్డలను లాగివేశారు. తరువాతి కాలంలో అదే దేశంలో మరొక ప్రభుత్వం తలగుడ్డను చట్టంతో నిర్బంధించింది. విప్పించిన చేయి, కప్పించిన చేయి రెండూ ఒకే పొరపాటు చేశాయి. ధర్మంలో బలాత్కారం లేదన్న దైవాజ్ఞ మనకు తెలియనిది కాదు. అల్లాహ్ కోసం ధరించిన వస్త్రం ఆరాధన. లాఠీకి భయపడి ధరించినది లాఠీకి చేసిన సేవ.

మన దేశంలో 2022లో కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వు కారణంగా ఎందరో బాలికలు తలగుడ్డతో తరగతికి వెళ్ళలేని స్థితి ఏర్పడింది. మార్చి 15న ఆ రాష్ట్ర హైకోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చారు. వారిలో జస్టిస్ సుధాంశు ధూలియా, ఇది ఆ బాలిక ఇష్టానికి సంబంధించిన విషయమని, ఆమె చదువే తన దృష్టిలో ప్రధానమని తన తీర్పులో వివరించారు. ఈ మాటను మన ఇళ్ళలోని పురుషులు కూడా వినాలి. వీధిలో హిజాబు హక్కు కోసం గొంతెత్తి, ఇంట్లో పదవ తరగతి పూర్తయిన ఆడపిల్లను చదువు మాన్పించే తండ్రి ఆ ఉత్తర్వు చేసిన పనినే తన ఇంట్లో చేస్తున్నాడు. తరగతి గది తలుపు బయట నుండి మూసినా, లోపల నుండి మూసినా ఆ పిల్ల మిగిలేది బయటే. చూపులు వాల్చుకోవాలన్న ఆజ్ఞను అల్లాహ్ నూర్ సూరా 30వ ఆయతులో ముందుగా పురుషులకు ఇచ్చి, ఆ తరువాత 31వ ఆయతులో స్త్రీలకు ఇచ్చాడు. ఆ వరుసను మనం తలక్రిందులు చేయరాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 2025 మార్చి 28న, రమజాన్ చివరి శుక్రవారం నాడు, వక్ఫ్ బిల్లుకు నిరసనగా చేతులకు నల్ల పట్టీలు ధరించమని ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు పిలుపునిచ్చింది. ఎందరో ధరించారు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫ్ఫర్‌నగర్‌లో అలా ధరించినవారికి రెండేసి లక్షల రూపాయల పూచీకత్తు బాండ్లు సమర్పించమని నోటీసులు అందాయి. మౌనంగా కట్టుకున్న జానెడు గుడ్డకు రెండు లక్షలు! పెద్దల భయం గాలి నుండి పుట్టింది కాదు, యువకులారా. కొడుకు మీద కేసు పడితే కోర్టుల చుట్టూ తిరిగేది ఆ తండ్రే. అతని జాగ్రత్తను పిరికితనమని ఎగతాళి చేయకండి.

పెద్దలారా! మీకు కూడా ఒక మాట. ఆ పట్టీలో తిట్టు లేదు, రాయి లేదు. శాంతియుతంగా అభిప్రాయం తెలుపుకునే హక్కును మన రాజ్యాంగం పౌరులందరికీ ఇచ్చింది. తన కోసం కాక, తాతముత్తాతలు అల్లాహ్ పేర విడిచిన ఆస్తుల కోసం ఒక కుర్రవాడు కట్టుకున్న గుడ్డను చూసి అతనిని దోషిలా నిలబెట్టకండి. ఈ కాలంలో బజారులలో, మొబైళ్ళలో మునిగిపోవటానికి ఎన్నో దారులున్నా, వాడు జుమాకు వచ్చాడు, సమాజం గురించి బాధపడుతూ వచ్చాడు. ఆ బాధ అమానత్. దానిని ఆర్పవద్దు, దారిలో పెట్టండి.

ఎలా దారిలో పెట్టాలో కూడా సున్నత్‌లో ఉంది. ఒకసారి దైవప్రవక్త (స) అంచులలో నగిషీ ఉన్న శాలువాతో నమాజు చేశారు. నమాజులో ఆ నగిషీ తమ దృష్టిని మళ్ళించిందని గ్రహించి, దానిని కానుకగా ఇచ్చిన అబూ జహమ్ (రజి) వద్దకు తిరిగి పంపారు. తిరిగి పంపుతూనే, అతని వద్ద ఉన్న సాదా శాలువాను తమ కోసం తెప్పించుకున్నారు. కానుక తిరిగివచ్చినందుకు అతని మనసు నొచ్చుకోరాదన్నదే అందులోని ఆంతర్యమని వ్యాఖ్యాతలు వివరించారు. కనుక యువకులారా, మీ వీపున ఉన్న నినాదం వెనుక సఫ్‌లో ఉన్నవారి నమాజుకు ఆటంకమవుతుంది. దానిపై బొమ్మలుంటే ఆ ఆటంకం మరింత పెద్దది. మస్జిదుకు సాదా వస్త్రంతో రండి, లేదా పైన ఒక శాలువా కప్పుకోండి. రుమాలు, పట్టీ నమాజుకు భంగం కలిగించేవి కావు. వాటి గురించి పెద్దలు గొడవపడనక్కరలేదు. ఎవరికైనా చెప్పవలసి వస్తే పదిమంది ముందు కాక, పక్కకు పిలిచి, భుజం మీద చేయి వేసి చెప్పండి. తీసుకున్న దానికి బదులుగా ప్రేమను ఇవ్వండి.

ధర్మ సోదరులారా! కాబట్టి మనం గుర్తుంచుకోవలసినవి ఇవి. అన్యాయాన్ని వస్త్రంతో నిరసించటం ధర్మసమ్మతమే, అయితే సంకల్పం అల్లాహ్ కోసం కావాలి. అది ఎవరినీ కించపరచేది, ద్వేషం రేపేది కారాదు. దాని కొనుగోలులో మరొక బలహీనునికి అన్యాయం జరగరాదు. ధరించమనిగానీ, విడువమనిగానీ ఎవరినీ బలవంతం చేయరాదు. పట్టీ కట్టుకోని సోదరుని విశ్వాసాన్ని కొలిచే అధికారం పట్టీ కట్టుకున్నవానికి లేదు. అన్నింటికీ మించి, గుడ్డ చెప్పిన మాటను చేతలు కాదనరాదు. వక్ఫ్ కోసం నల్ల పట్టీ కట్టి, వక్ఫ్ దుకాణానికి ఏళ్ళ తరబడి నామమాత్రపు అద్దె ఇచ్చేవాడు ఏ మాటతో అల్లాహ్‌కు జవాబిస్తాడు? ఆ పట్టీ కట్టేముందు అద్దె బకాయి కట్టాలి.

చివరకు మనందరికీ ఒక వస్త్రం మిగిలి ఉంది. హజ్ యాత్రలో కుట్టులేని రెండు తెల్లని గుడ్డలలో రాజు, కూలీ, అరబ్బు, తెలుగువాడు ఒక్కటిగా నిలబడతారు. మనుషులందరూ సమానులన్న ప్రకటన అంతకంటే బిగ్గరగా ఏ వస్త్రమూ చేయలేదు. ఆ గుడ్డలవంటివే ఒకనాడు మన కఫన్ అవుతాయి. దాని మీద నినాదం ఉండదు, దానికి జేబు ఉండదు. అప్పుడు మన తరఫున మాట్లాడేది దైవభీతి వస్త్రమొక్కటే.

ఓ అల్లాహ్! మా లోపలి వస్త్రాన్ని వెలుపలి వస్త్రం కంటే మేలైనదిగా చేయి. ప్రదర్శనాబుద్ధి నుండి, దుబారా నుండి, అహంకారం నుండి మమ్మల్ని కాపాడు. ఫలస్తీనాలోనూ, లోకంలో మరెక్కడైనా ఆకలితో, భయంతో ఉన్నవారికి అన్నం, వస్త్రం, అభయం ప్రసాదించు. మా వస్త్రాలను నేసే, కుట్టే చేతులకు బరకత్ ఇవ్వు. మా యువకుల ధైర్యానికి వివేకాన్ని, మా పెద్దల వివేకానికి ధైర్యాన్ని జతచేయి. మా కుమార్తెలకు చదువునూ, గౌరవాన్నీ ఒకే ద్వారం గుండా అనుగ్రహించు. మా దేశంలో న్యాయాన్నీ, సోదరభావాన్నీ నెలకొల్పు. మా సఫ్‌లను కలిపినట్లే మా హృదయాలను కూడా కలుపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!